ఓడల పద్దు

మా ఇంట్లో ఒక ఆవర్జా పుస్తకం ఉంది. ఎర్ర గుడ్డ అట్ట, రెండు వందల పేజీలు. మొదటి అరవై పేజీల నిండా సముద్రం మీద విహారానికి తిప్పే ఓడల లెక్కలు, నా చేత్తో రాసినవి. అరవై ఒకటో పేజీ నుంచి మా ఆవిడ పాల లెక్క రాస్తోంది. ఆ పుస్తకంలో పనికొచ్చే లెక్క అరవై ఒకటో పేజీ నుంచే మొదలవుతుందని ఒప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

నాది చాపాడు. ప్రొద్దుటూరులో ఒక బంగారు అంగట్లో ముప్పై రెండేళ్లు పద్దులు రాశాను. ప్రొద్దుటూరు బంగారం సంగతి సీమలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. జమ్మలమడుగులో పెళ్లి కుదిరినా, పులివెందులలో కుదిరినా తాంబూలాలు కాగానే బండి ఆ బజారుకే తిరుగుతుంది. అక్కడ నేను నేర్చుకున్న విద్య ఒక్కటే: నగ ధర అంటే బంగారం ధర కాదు. దాని మీద తరుగు, దాని మీద మజూరీ, రాళ్లుంటే రాళ్ల ఖరీదు, అన్నిటి మీదా పన్ను. బోర్డు మీది గ్రాము ధర చూసి, ఇంట్లోనే లెక్కేసుకుని వచ్చిన మనిషి బిల్లు చూసి నీళ్లు నమిలితే నాలో నేను నవ్వుకునేవాణ్ని. "తరుగు చూసుకోవద్దా పెద్దాయనా" అని నీతి కూడా చెప్పేవాణ్ని. ఆ నవ్వులన్నీ ఎక్కడో నా ఖాతాలో పడుతూనే ఉన్నాయని అప్పుడు తెలియదు.

మా అబ్బాయికి సింగపూరులో ఉద్యోగం. నేను పని మానుకున్న ఏడాది ఫోన్ చేసి, "నాయనా, అమ్మను పిల్చుకొని రా. ఈన్నుంచి ఓడల్లో మూడు నాలుగు రోజులు తిప్పుకొస్తారు. టికెట్లు నేను చేస్తా" అన్నాడు. సరేరా అని ఉంటే ఈ కథే లేదు. ముప్పై రెండేళ్లు ఊరివాళ్ల పద్దులు రాసినవాడికి తన పద్దు ఇంకొకడు రాస్తే నామర్దా కాదా? "ఉండబ్బా, తొందరపడొద్దు. నేను విచారించి చెప్తా" అన్నాను. విచారణకు పదకొండు నెలలు పట్టింది.

కొత్త ఆవర్జా కొన్నాను. నిలువుగా కంపెనీల పేర్లు, అడ్డంగా మూడు ఖానాలు: ధర, మర్యాద, భోగం. మర్యాద అంటే ఓడలో మనల్ని ఎట్లా చూసుకుంటారన్నది. భోగం అంటే తిండి, ఆటపాటలు, ఈతకొలను, నాటకాలు. రెండు నెలలు తిరక్కముందే మూడు ఖానాలు ఇరవై అయ్యాయి. పక్క పేజీకి అట్ట ముక్క అంటించి మడతపెట్టాల్సి వచ్చింది.

మొదట పేర్లు చూసి ఎన్ని కంపెనీలో అనుకున్నాను. తవ్వి చూస్తే సగానికి సగం మూడిళ్ల దాయాదులు. కార్నివాల్, ప్రిన్సెస్, హాలండ్ అమెరికా, కోస్టా, 1840లో పుట్టిన క్యూనార్డ్, గొప్పవాళ్లెక్కే సీబోర్న్, అన్నీ కార్నివాల్ కార్పొరేషన్ ఇంటివే. రాయల్ కరీబియన్, సెలబ్రిటీ, సిల్వర్‌సీ ఇంకొక ఇంటివి. నార్వేజియన్, ఓషియానియా, రీజెంట్ మూడో ఇంటివి. ఎమ్మెస్సీ, డిస్నీ, వైకింగ్ వేరు కాపురాలు. చూడగానే మా బజారే కళ్లముందు కనబడింది. ఒకే కుటుంబానికి నాలుగు అంగళ్లు, ఒకదాంట్లో ముక్కుపుడకలు, ఇంకోదాంట్లో వడ్డాణాలు. ఏ గడప తొక్కినా డబ్బు చేరేది ఒక్క ఇనప్పెట్టెకే.

ఈ సంగతి నాలోనే దాచుకుంటే ఎట్లా? మైదుకూరు రోడ్డు పక్కన టీ అంగట్లో రోజూ పొద్దున ప్రవచనం మొదలుపెట్టాను. 2024 జనవరిలో తొలి ప్రయాణం చేసిన 'ఐకాన్ ఆఫ్ ద సీస్' గురించి చెప్పిన రోజు నా చుట్టూ పదిమంది చేరారు. ఇరవై అంతస్తులప్పా, గదికి ఇద్దరి చొప్పున వేసినా 5,610 మంది, బరువు అక్షరాలా రెండు లక్షల నలభై ఎనిమిది వేల ఆరు వందల అరవై మూడు టన్నులు! అంత బరువు నీళ్ల మీద ఎట్లా తేలుతుందో కూడా చేతులు తిప్పుతూ వివరించాను. పక్కనే టీ తాగుతున్న ఇంజనీరింగ్ కాలేజీ పిల్లోడు గ్లాసు కింద పెట్టి, "పెద్దనాయనా, అది బరువు గాదు. గ్రాస్ టన్నేజ్ అంటే ఓడ లోపల ఉండే చోటు కొలత" అన్నాడు.

నిజమే. పూర్వం ఓడలో ఎన్ని ద్రాక్షసారా పీపాలు పడతాయో దాన్నిబట్టి ఓడను కొలిచేవారట. టన్ను అనే మాటే ఆ పీపా పేరు నుంచి వచ్చింది. తూకం మీదే బతికినవాణ్ని, తూకం కానిదాన్ని తూకమని నాలుగు నెలలు ఊరంతా చాటాను. టీ అంగడాయన మాత్రం ఒక్క మాటే అన్నాడు: "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. మైలవరం డ్యాములో పడవన్నా ఎక్కినావా అన్నా నువ్వు?" ఎక్కలేదు. ఆ డ్యాము జమ్మలమడుగు పక్కనే, మాకెంత దూరమని? అయినా ఎక్కలేదు.

సిగ్గుపడి ఊరుకున్నానా? లేదు. ఆ చోటు కొలతను జనంతో భాగిస్తే తలకెంత చోటు వస్తుందో తెలుస్తుందని ఇంకొక ఖానా గీశాను. ఐకాన్‌లో తలకు 44. వైకింగ్ స్టార్ అనే చిన్న ఓడలో 930 మందే, తలకు 51. సిల్వర్‌సీ వాళ్ల సిల్వర్ నోవాలో 728 మంది, తలకు 75. మన దేశంలో తిరిగే కార్డీలియా వాళ్ల ఎంప్రెస్ 1990లో కట్టింది, తలకు 30. అది 2022 జూన్‌లో చెన్నై నుంచి విశాఖపట్నం కూడా వచ్చింది. ఆ మరుసటి ఏడు సెప్టెంబరులో విశాఖలో ఓడ ప్రయాణికుల కోసం టెర్మినల్ తెరిచారు. అయినా 30 అనే అంకె చూసి దాన్ని పక్కన పెట్టేశాను. మన తిండి, మన పాటలు, పాస్‌పోర్టు, వీసాల తిప్పలు లేకపోవడం, ఓడ ఎక్కే చెన్నైకి మా ఊరి నుంచి ఒక్క రాత్రి ప్రయాణమే కావడం: వీటికి నా పుస్తకంలో ఖానా లేదు. ఖానా లేనిది లోకంలోనే లేదనుకునే జబ్బు పద్దులు రాసేవాళ్లకు ఉంటుంది.

ఇక అసలు విద్య. ఓడ ధరల్లో రెండు జాతులున్నాయి. వైకింగ్, సిల్వర్‌సీ, రీజెంట్ లాంటివాళ్లు ముందే గట్టిగా అడుగుతారు. అందులోనే చాలా కలిసి ఉంటాయి. వైకింగ్ సముద్రపు ఓడల్లో జూదశాల ఉండదు, పద్దెనిమిదేళ్లలోపు పిల్లల్ని ఎక్కించుకోరు, ప్రతి రేవులోనూ ఊరు చూపించే తిరుగుడు ఒకటి ధరలోనే వస్తుంది. రెండో జాతి పెద్ద ఓడలు. ఎక్కే ధర చవక, ఎక్కాక ఒక్కొక్కటే మొదలు. రేవు పన్నులు వేరు. నౌకర్ల బక్షీసు తలకు రోజుకు ఇన్ని డాలర్లని వేరు. ఇంటర్నెట్ వేరు, సీసా పానీయం వేరు, ప్రత్యేక భోజనశాల వేరు. అంటే మొదటిది తరుగు, మజూరీ కలిపి చెప్పిన ధర, రెండోది బోర్డు మీది గ్రాము ధర. ఇంత చక్కగా నేనే రాసుకున్నాను, నలభై మూడో పేజీలో. ఇప్పటికీ ఉంది.

అయితే మరి ఎందుకు మునిగాను? నలభై మూడో పేజీ మొత్తాన్ని నలభై నాలుగో పేజీకి తీసుకురాలేదు. అంతే. పద్దులు నేర్చుకునే పిల్లోడికి మొదటి రోజు చెప్పే పాఠం అది: పేజీ తిప్పితే వెనకటి మొత్తం పైన రాయి. నలభై నాలుగో పేజీలో ఒక ఓడ ధర చూశాను. నాలుగు రాత్రులు, బాల్కనీ గది, చూడ చక్కని అంకె. కళ్లు చెదిరాయి. వెనక పేజీ గుర్తులేదు. అదే సాయంత్రం అబ్బాయికి ఫోన్ చేసి, "నువ్వు చెప్పినదానికి సగానికి బాల్కనీ గది తెస్తాండా, చూడు" అన్నాను. టీ అంగట్లోనూ చెప్పాను. మా ఆవిడకు కూడా చెప్పాను. "బాల్కనీ అంటే?" అంది. "గదికి వసారా ఉంటాది. కుర్చీ ఏసుకొని కూచుంటే కిందంతా సముద్రమే" అన్నాను. ఆమె ఏమీ అనలేదు. పొయ్యి మీద చూపు పెట్టి కాసేపు అట్లాగే ఉండిపోయింది. ఆ కాసేపును నేను ఏ ఖానాలోనూ రాయలేదు.

మర్నాడు ఏజెంటు ఫోన్‌లో సెలవిచ్చాడు: ఆ ధర గదికి కాదు, తలకు. గదిలో ఇద్దరుంటారన్న లెక్క మీద ఒక్క మనిషికి చెప్పే ధర. ఓడల లోకమంతా అట్లాగే చెబుతారు. ఒక్కరే పోయినా చాలా ఓడల్లో ఇంచుమించు ఇద్దరి డబ్బు కట్టాల్సిందే. పదకొండు నెలలు చదివినవాడికి ఈ సంగతి తెలియదా అని మీరడుగుతారు. పేజీ కింద సన్నని అక్షరాల్లో ఉంది. మా అంగట్లో తరుగు శాతం కూడా అట్లాంటి అక్షరాల్లోనే ఉండేది.

ఇక్కడిదాకా జరిగింది తెలివితక్కువతనం. ఇక్కణ్నుంచి నేను చేసింది అబద్ధం. ధర రెట్టింపయిందని అబ్బాయితో చెప్పడానికి నోరు రాలేదు. చెప్పిన అంకె నిలబెట్టుకోవాలి. అందుకని బాల్కనీ గది వదిలి, అదే ఓడలో లోపలి గది పట్టాను. లోపలి గదికి కిటికీ ఉండదు. నాలుగు గోడలూ గోడలే. మా ఆవిడతో మాత్రం, "లోపలి గదే మేలంట మే. ఊగేది తక్కువ, ఎండ తగలదు, చల్లగా ఉంటాది" అన్నాను. "నీ ఇష్టం" అంది. ముప్పై ఐదేళ్లుగా ఆ మాట అంగీకారం అనుకుంటూ వచ్చాను.

ఏ ఓడో చెప్పను. తప్పు ఓడది కాదు, నాది. ఎక్కగానే చేతికొక కార్డు ఇచ్చారు. తలుపు తీయడానికి అదే, కొనడానికీ అదే. జేబులోంచి డబ్బు తీసే పని లేదు, తాకిస్తే చాలు. పల్లెలో చిల్లర అంగటి ఖాతా లాంటిది. రాసుకో శెట్టీ అంటే అయిపోయె, పండక్కి గదా తెలిసేది. మొదటి రోజు సాయంత్రం రెండు నిమ్మకాయ సోడాలు, అబ్బాయితో మాట్లాడటానికి ఇంటర్నెట్, మెట్ల మీద ఎవరో తీసిన మా ఇద్దరి ఫోటో. చివరి రాత్రి తలుపు కింది నుంచి వచ్చిన బిల్లు చూస్తే, కిటికీ అమ్ముకుని మిగిల్చిన డబ్బు మొత్తం వేరే దారుల్లో వెళ్లిపోయింది. బోర్డు మీది గ్రాము ధర చూసి వచ్చిన పెద్దాయన ఎవరో నాకు అద్దంలో కనబడ్డాడు.

మర్యాద ఖానా సంగతీ చెప్పాలి. ఎంతమంది ప్రయాణికులకు ఎంతమంది నౌకర్లు అని దశాంశాలతో సహా లెక్కకట్టి మర్యాదకు మార్కులు వేసినవాణ్ని నేను. మా గది ఊడ్చే అబ్బాయి ఫిలిప్పీన్స్ నుంచి వచ్చాడు. రోజూ మంచం మీద తువ్వాలుతో ఒక బొమ్మ చేసి పెట్టిపోయేవాడు. ఒక రోజు ఏనుగు, ఒక రోజు కోతి. కొన్ని ఓడల్లో బక్షీసు వద్దని కౌంటరులో చెబితే బిల్లులోంచి తీసేస్తారని ముప్పై ఎనిమిదో పేజీలో తెలివిగా రాసుకున్నాను. మూడో రోజు ఆ పని మీద బయల్దేరాను. "యాడికి?" అంది మా ఆవిడ. చెప్పాను. ఆమె నన్ను చూసిన చూపు మా పెళ్లయిన కొత్తలో కూడా చూడలేదు. "ఆ పిల్లోనికి మూడేండ్ల కూతురంట. దాని ముఖం చూసి ఏడు నెలలాయెనంట. ఫోటో చూపిచ్చినాడు" అంది. ఆమెకు ఇంగ్లీషు రాదు, అతనికి తెలుగు రాదు. ఇద్దరూ వేళ్ల మీద లెక్కపెట్టుకుని మాట్లాడుకున్నారు. నా పుస్తకంలో అతను దశాంశం తర్వాతి అంకె. నేను వెనక్కి వచ్చి కూర్చున్నాను.

కిటికీ లేని గదిలో పొద్దు తెలియదు. దీపం ఆర్పితే బావి అడుగున ఉన్నట్టుంటుంది. రెండో రాత్రి మెలకువ వచ్చి పక్కన తడిమితే మా ఆవిడ లేదు. టైము నాలుగు. గుండె జారింది. లిఫ్టులో పైకీ కిందికీ తిరిగాను. అంత ఓడలో, పేరు పెట్టి పిలవాలంటే గొంతు పెగల్లేదు. భోజనశాల, నాటకశాల, జూదశాల, అన్నీ నా ఖానాల్లో ఉన్నవే, అన్నిటి గుండా పరిగెత్తాను. చివరకు పై అంతస్తులో, ఎవరూ లేని చోట, ఇనుప కమ్మీ పక్కన కుర్చీలో కనబడింది. కొంగు నిండా కప్పుకుని, నీళ్లకేసి చూస్తూ కూర్చుంది.

"ఈడేం జేస్తాండావు?"

"నీళ్లు చూస్తాండా."

"చెప్పి రావల్ల గదా. పానం పోయినట్లాయె."

"నువ్వు గుర్రు పెడ్తాంటివి." కాసేపాగి, తిరక్కుండానే అంది: "నాకు నీళ్లు చూడాలనే ఉండె. ఆటలొద్దు, పాటలొద్దు. ఆ వసారా గది అంటివి చూడు, అది బాగుండె."

"మరి అప్పుడే చెప్పొచ్చు గదా!"

"నువ్వు యాడ అడిగినావు?"

మా ఆవిడ పుట్టిల్లు పులివెందుల పక్క. మెట్ట. చెనిక్కాయ వేసి ఆకాశం చూసే ఊళ్లు. పదిహేడేళ్ల పిల్లగా చాపాడుకు కాపురానికి వచ్చినప్పుడు కేసీ కెనాలులో నిండుగా నీళ్లు. మూడో నాడో నాలుగో నాడో సాయంత్రం కొత్త కోడలు కనబడలేదని ఇల్లంతా గగ్గోలు. కాలువ గట్టు మీద దొరికింది. "ఇన్ని నీళ్లు ఒకేచోట చూళ్యా జేజీ" అని మా జేజితో చెప్పిందట. ఈ కథ మా ఇంట్లో ముప్పై ఐదేళ్లుగా చెప్పుకుని నవ్వుకుంటూనే ఉన్నాం. అందరికంటే ఎక్కువసార్లు చెప్పింది నేనే. ఓడల్లో ఏ ఓడ మేలో తేల్చడానికి పదకొండు నెలలు, అరవై పేజీలు, ఇరవై ఖానాలు పట్టినవాడికి, కూడా వచ్చే మనిషికి ఏం కావాలన్న ఖానా గీయడం తోచలేదు. జవాబు కోసం ఫోన్లు చేయనక్కర్లేదు, సన్నని అక్షరాలు చదవనక్కర్లేదు. వంటింట్లోకి పోయి ఒక్క మాట అడిగితే చాలు.

తిరిగొచ్చాక కొన్నాళ్లు టీ అంగడి వైపు పోలేదు. నీటిపారుదల శాఖలో పనిచేసి దిగిపోయిన మా బావ ఒక రోజు ఇంటికి వచ్చి, సంగతంతా విని నవ్వలేదు. "నీకంటే ముందు నీలాంటోళ్లు ఇదే కాలువ మీద మునిగినారు బావా" అన్నాడు.

1863 నుంచి 1870 దాకా ఈ కేసీ కెనాలు తవ్వించింది మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే ఇంగ్లీషు కంపెనీ. సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి, కర్నూలు నుంచి కడప దాకా మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు తెచ్చారు. పైరుకు నీళ్లివ్వడానికే కాదు, పడవలు నడపడానికి కూడా. ఆర్థర్ కాటన్ ఊహలో ఇది కడపతో ఆగదు; పెన్న వెంట నెల్లూరు దిక్కుకు, సముద్రపు ఒడ్డుకు పోవాలి. పది లక్షల పౌన్ల పెట్టుబడికి 5 శాతం వడ్డీ ఇప్పిస్తామని సర్కారు పూచీ పడింది. ఎన్ని ఎకరాలు తడుస్తాయి, ఎకరానికి ఎంత వస్తుంది, పడవల మీద ఎంత వస్తుంది, అన్నీ కంపెనీ కాగితాల మీద ఉన్నాయి. తీరా నీళ్లు వదిలితే తీసుకునే రైతు తక్కువ. నల్లరేగడిలో వానకు జొన్న, పత్తి పండించుకునేవాడికి డబ్బు కట్టి నీళ్లు పెట్టుకోవడం ఎందుకో అర్థం కాలేదు. వేసిన అంచనాలు దాటి ఖర్చయింది, రాబడి రాలేదు. సముద్రానికి పోవాల్సిన కాలువ కడపలోనే నిలిచిపోయింది. 1882లో సర్కారే కొనేసింది. 1933 నుంచి పడవల మాట తీసేసి, సాగుకే పరిమితం చేశారు.

"అన్నీ లెక్కేసినారు. నీళ్లు ఎవరి కోసమో వాళ్లను అడగల్యా" అన్నాడు బావ, టీ చప్పరిస్తూ. తర్వాతి కాలంలో అదే కాలువ కింద మా మాగాణులు పచ్చబడ్డాయన్నది వేరే సంగతి. కానీ ఆ కంపెనీ పద్దుల పుస్తకం రాసినవాడెవడో, వాడి మీద నాకు చాలా జాలి కలిగింది. వాడు కూడా వెనక పేజీ మొత్తం ముందుకు తేవడం మరిచిపోయి ఉంటాడు.

ఇప్పటికీ అప్పుడప్పుడు ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు: పిల్లలు అమెరికాలో ఉన్నారు, ఓడ ఎక్కిస్తామంటున్నారు, ఏ కంపెనీ మంచిదన్నా? పాత అలవాటున నాలుక దురద పెడుతుంది. తలకు చోటు 44, 51, 75 అని మొదలుపెట్టబోయి ఆపుకుంటాను. బిల్లులో కలిసేవి ఏవి, కలవనివి ఏవి ముందే రాయించుకోమంటాను. ధర తలకా గదికా అని అడగమంటాను. దానికంటే ముందు, కూడా వచ్చే మనిషికి ఏం ఇష్టమో అడిగి మళ్లీ ఫోన్ చేయమంటాను. చాలామంది మళ్లీ చేయరు. అడగడానికి మొహమాటపడి ఉంటారు. లేదా అడిగితే, ఓడ అక్కర్లేదని తేలి ఉంటుంది.

మొన్న ఆగస్టులో కాలువకు నీళ్లు వదిలారు. సాయంత్రం మా ఆవిడ చెప్పులేసుకుంటుంటే నేనూ లేచాను. గట్టు మీద కూర్చున్నాం. ఎర్రనీళ్లు నిండుగా, చప్పుడు లేకుండా పోతున్నాయి. ఆమె కళ్లు అవతలి ఒడ్డు మీద నిలిచిపోయాయి. నేను గొంతు సవరించుకున్నాను. ముప్పై ఐదేళ్లుగా అడగని మాట, అడిగితే ఏం వినాల్సి వస్తుందో అని లోపల కాస్త వణుకు కూడా ఉంది.

"ఏం చూస్తాండావు?" అన్నాను.

"ఆ పక్క చూడు. ఎవరిదో ఎనుము పలుపు తెంచుకొని నారుమడిలో పడింది. లేచి అరువు, ఉత్తగా కూచోకుండా" అంది.

లేచి అరిచాను.